దుప్పులు దిగిపోయాయి

"దుప్పులు దిగిపోయాయిరా రాయ్స్. మనమూ దిగాలి" అంటూ ఎల్డన్ గుడారం తాళ్ళు విప్పేస్తున్నాడు.

"వేట సీజను రేపటితో సరి బావా! ఇవాళంతా దిగడానికే పోతే వేటాడేదెప్పుడు?"

"రేపు తెల్లారేసరికి రెండు వేల అడుగుల కింద, మాచిపత్రి పొదల్లో నిలబడి మేస్తుంటాయి. కావాలంటే గిట్టల గుర్తులు చూడు, ఒక్కటైనా పైకి పోయిందేమో."

రాయ్స్ చూడలేదు. చూస్తే ఒప్పుకోవాల్సి వస్తుంది. ఎల్డన్ అతని అక్క మొగుడు. నలభై ఏళ్ళుగా ఈ వయోమింగ్ కొండల్లో వేటాడుతున్నవాడు. అతని మాట కాదనడానికి ధైర్యం అక్కర్లేదు, మొండితనం చాలు.

"నిన్న సాయంత్రం ఆ గట్టు మీద పెద్ద మగ దుప్పిని కళ్ళారా చూశాను. చలికాలమంతా సరిపోయే మాంసం."

"నిన్న ఎండ కాసింది. ఇవాళ గాలి వాయవ్యానికి తిరిగింది. మంచు పడ్డాక అక్కడే కూర్చోడానికి దుప్పికేమైనా నీ అంత తెలివి ఉందనుకున్నావా?"

రాయ్స్ ముఖం ఎర్రబడింది. ఫ్రీజరు ఖాళీగా పెట్టుకుని ఈ ఏడు కూడా ఇంటికి పోతే, అక్క వంటింట్లో వినాల్సిన మాటలు గుర్తొచ్చాయి. తుపాకీ భుజాన వేసుకుని, ఆరు తూటాలు జేబులో పోసుకున్నాడు.

"నువ్వు దిగి పొయ్యి రాజెయ్యి. మూడింటికల్లా దుప్పితో వస్తా."

"రా, వద్దన్నానా? దుప్పి లేకపోయినా సరే, నువ్వు మాత్రం రా" అన్నాడు ఎల్డన్. కంచరగాడిద మీద గుడారం కట్టుకుని కిందికి నడిచాడు.

గట్టెక్కేసరికి పన్నెండు దాటింది. అక్కడ దుప్పి లేదు. అది పడుకున్న చోట గడ్డి అణిగి ఉంది. అక్కడి నుంచి మొదలైన గిట్టల గుర్తులు నేరుగా లోయలోకి దిగిపోయాయి. ముసలాడు చెప్పిందే నిజమని రాయ్స్‌కి తెలిసిపోయింది. అయినా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, ఇంకో గట్టు చూద్దామనుకున్నాడు. ఆ తర్వాత మరొకటి.

మంచు మొదట సన్నగా రాలింది. పది నిమిషాల్లో ఎదురుగా ఉన్న చెట్లు మాయమయ్యాయి. ఇంకో పది నిమిషాల్లో అతని అడుగుజాడలే అతనికి కనపడలేదు. దిగుతున్నాననుకున్నవాడు ఒక బండరాయిని రెండోసారి దాటాడు. ఫోను చలికి ఎప్పుడో చచ్చింది. చేతివేళ్ళు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. ఇంకాసేపట్లో తుపాకీ మీట నొక్కడానికైనా అవి వంగవని భయం పట్టుకుంది.

ఇక సిగ్గు పడితే ప్రాణం దక్కదు. తుపాకీ ఎత్తి, మధ్యలో పదేసి అంకెలు లెక్కపెడుతూ మూడుసార్లు పేల్చాడు. ఆపదలో ఉన్నవాడు మూడు పేల్చాలి. విన్నవాడు ఒక్కటే పేల్చి బయలుదేరాలి. ఆ ఒక్కటికి అర్థం, 'విన్నాను, వస్తున్నాను, ఉన్నచోటే ఉండు' అని. అక్కడి పిల్లలకి చేతికి తుపాకీ ఇచ్చే ముందే ఈ లెక్క నేర్పుతారు.

జవాబు లేదు. గాలి హోరు తప్ప ఏమీ లేదు.

బండరాయి చాటున ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపటికి చలి తగ్గినట్టనిపించింది. హాయిగా నిద్ర వస్తోంది. ఆ నిద్ర ఎలాంటిదో తెలుసు గనక, తన చెంప తనే వాయించుకుని లేచాడు. మిగిలినవి మూడే తూటాలు. దాచుకుని ఎవరికి పెట్టాలి? ఒకటి, రెండు, మూడు పేల్చేశాడు. తుపాకీ ఖాళీ అయింది.

చెవులు రిక్కించి నిలబడ్డాడు.

ఢాం!

"విన్నాడు! మా బావ విన్నాడు!" రాయ్స్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. వస్తాడు. వచ్చి నోటికొచ్చినట్టు తిడతాడు. తిట్టనీ. ఏడాది పొడుగునా దెప్పనీ. అక్క కూడా కలిసి దెప్పనీ, పడతాను. కొండలు తెలిసినవాడు, దారి తెలిసినవాడు వస్తున్నాడు. బతికిపోయాను.

ఢాం!

"ఒక్కటి చాలు బావా, వినపడిందిలే!" అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ శబ్దం కింద గుడారం వైపు నుంచి రాలేదు. పైన, గట్ల వైపు నుంచి వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటినా రాని బావమరిదిని వెతుక్కుంటూ ఎల్డన్ ఎప్పుడో కొండెక్కాడు. ఈ తెల్లటి చీకట్లోనే, ఇతనికంటే పైన ఎక్కడో ఉన్నాడు.

"చాలు బావా!" గొంతు చించుకుని అరిచాడు రాయ్స్. "నీకు పుణ్యముంటుంది, మూడోది పేల్చకు!"

గాలి ఒక్క క్షణం ఆగింది. మూడోది పేలింది.