పట్టీ చెప్పిన నిద్ర

“రాత్రంతా పడుకున్నానని చెప్తున్నాగా! నమ్మకపోతే ఆ యంత్రాన్నే అడగండి,” అంది తండ్రి పక్కన కూర్చున్న కూతురు, రెండు చేతులతో కణతలు నొక్కుకుంటూ.

డాక్టరమ్మ లేచి కిటికీ తెర లాగింది. గది మసకబారాక గాని ఆ పదిహేనేళ్ల పిల్ల కళ్లు తెరవలేదు. నెలకు పదిసార్లు ఇదే వరస. ముందు కళ్లెదుట మెరుపులు, ఆ వెంటనే తలలో ఒక పక్క సుత్తిదెబ్బలు.

“నిద్ర చాలకపోతే ఈ నొప్పి వస్తుంది, నొప్పి వస్తే నిద్ర పట్టదు. ఈ వయసు పిల్లల్లో రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతాయి. రాత్రి ఆరుగంటలసేపైనా పడుకుందని తేలితే శనివారం ఈతపోటీకి వెళ్లొచ్చు. లేదంటే, ఈ ఏడాదికి ఈత బంద్,” అంది డాక్టరమ్మ.

“మాటంటే మాటే,” అన్నాడు తండ్రి. కుట్టుమిషన్లు బాగుచేసి బతికే మనిషి. దేవుడి తర్వాత ఆయన నమ్మేది యంత్రాన్నే. నిన్న డాక్టరమ్మ ఇచ్చిన, నాడి చూసి నిద్రను లెక్కగట్టే పట్టీని పిల్ల మణికట్టుకు తనే బిగించాడు. పొద్దున ఆరింటికి పిల్లే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“గదిలో ఇంకెవరైనా పడుకుంటారా? గురక, గొడవ ఏమైనా...”

“మా అమ్మేనండీ, దీని నానమ్మ. ఆవిడది కుంభకర్ణుడి వంశం. చెవి దగ్గర బాజా వాయించినా ఒత్తిగిలదు. ఇందాక మేం బయల్దేరేటప్పటికీ లేవలేదు. ముసలిప్రాణం, పడుకోనీలే అని పిల్లుల్లా అడుగులేసి వచ్చేశాం.”

డాక్టరమ్మ నవ్వింది. పిల్ల నవ్వలేదు.

పట్టీని కంప్యూటరుకు తగిలించగానే తెరమీద పచ్చటి గీత పరుచుకుంది. “పదిన్నరకి ఒకసారి ఊడింది. వెంటనే మళ్లీ పెట్టుకున్నట్టుంది. అబ్బో, అక్కణ్నుంచి మంచి నిద్రే!”

తండ్రి పైకి చూసి చేతులు జోడించాడు. “విన్నావా తల్లీ? నీ పోటీకి ఢోకా లేదు.”

డాక్టరమ్మ మాత్రం తెరకు దగ్గరగా వంగింది. నవ్వు ఆగిపోయింది.

“ఇదేంటి... మూడుంబావు నుంచి నాడి లేదు.”

“మళ్లీ ఊడిందేమోనండీ.”

“ఊడితే పదిన్నరకి తెగినట్టే గీత తెగుతుంది. ఇది ఆరింటిదాకా తెగలేదు. పట్టీ చేతికే ఉంది, నాడి మాత్రం లేదు. ఒంటి వేడి చూడండి, అక్కణ్నుంచి మెట్లు దిగినట్టు దిగిపోయింది.”

డాక్టరమ్మ చటుక్కున పిల్ల చెయ్యి పట్టుకుంది. నాడి గుర్రంలా పరుగెడుతోంది.

“నాడి ఆడుతూనే ఉంది. కానీ ఈ లెక్కన చూస్తే మీ అమ్మాయి...” ఆవిడ మాట మింగేసింది.

“అంత మాట అనకండి!” తండ్రి కుర్చీలోంచి లేచాడు. చీమకైనా హాని తలపెట్టని పిల్లకి ఇదేం హెచ్చరిక స్వామీ, అని లోపల్లోపలే అడిగాడు. పట్టీ అందుకుని తిరగేశాడు, మీట నొక్కాడు, కొక్కెం లాగి చూశాడు. అంతా సవ్యంగానే ఉంది.

“యంత్రం తనంతట తను అబద్ధమాడదు డాక్టరుగారూ. మధ్యలో ఎక్కడో మనిషి చెయ్యి పడి ఉంటుంది.”

పిల్ల పెదవులు పాలిపోయాయి.

“నాన్నా... మీరు పడుకున్నాక అది విప్పి నానమ్మ చేతికి కట్టాను. పొద్దున తీస్తుంటే చెయ్యి చల్లగా తగిలింది. ఫ్యాను గాలికేమో అనుకున్నాను.”