కుడిపక్క బోల్టు

"ఈ పక్క బోల్టు అరిగిపోయిండాదమ్మా," అన్నాడు తోటమాలి ఓబులప్ప కూతురితో, గడ్డి కోసే మిషన్ని బోర్లిస్తూ.

హార్స్లీ హిల్స్ గెస్ట్‌హౌస్ ముందున్న పచ్చికను ఆ మిషన్ ఎడమపక్క నున్నగా కోస్తోంది. కుడిపక్క మాత్రం నమిలి వదిలేస్తోంది. మదనపల్లె నుంచి వచ్చిన మెకానిక్ బోల్టు బాగానే ఉందన్నాడు. ఇంకోసారి ఇట్లాగైతే మనిషినే మారుస్తానని మేనేజరు చెప్పేశాడు.

తిరిగే కత్తులు కింది ఇనుప పట్టీని తాకీతాకనట్టు ఉండాలి; ఆ సందును సరిచేసేవి రెండు పక్కలా ఉన్న బోల్టులే. ఎడమ బోల్టును ఎడమ చేత్తో, కుడి బోల్టును కుడి చేత్తో తిప్పుతూ, వేళ్లకు బిగువు తెలియగానే ఆపడం ఓబులప్ప పద్ధతి.

కోసిన గడ్డి ఎత్తే కూతురు రెడ్డెమ్మ దగ్గరికొచ్చింది. "నేను తిప్పేదా నాయనా?"

"నీకేం తెలుస్తాది? వేళ్లకు తెలియాల!" అని కసిరాడు.

ఆకురాయితో కత్తులకు పదును పెట్టాడు. బోల్టులు బిగించి, కత్తులకూ పట్టీకీ మధ్య పేపరు ముక్క దూర్చి, కత్తుల్ని చేత్తో తిప్పాడు. ఈసారి కుడిపక్క కూడా పేపరు సర్రున తెగింది.

"సూడు! యాల తెగదు?" తెగిన ముక్కను పైకెత్తి చూపించాడు. చాన్నాళ్ల తర్వాత అతని మొహంలో నవ్వు కనిపించింది.

రెడ్డెమ్మ నవ్వలేదు. పేపరు అంచు ఎర్రగా తడిసి ఉంది. దాన్ని పట్టుకున్న అతని కుడి బొటనవేలు లోతుగా తెగి, రక్తం మోచేతి దాకా కారుతోంది.

"నొప్పి లేదా నాయనా?"

"నొప్పా? యాడ?" అన్నాడు ఓబులప్ప, నవ్వుతూనే.