అయిపోని ఆవకాయ

పిల్లలకు వ్యాసం నేర్పే పని తేలిక చేస్తామని యంత్రాలవాళ్ళు వచ్చి, మాస్టర్లను పనికిమాలినవాళ్ళను చేశారు. ఈ విషయంలో అప్పలస్వామి మాస్టారికి అనుమానమేమీ లేదు. ఇప్పుడు ఏ బడిలోనైనా పాఠం చెప్పేది గోడకు బిగించిన యంత్రమే, అందరూ 'గోడ' అనేది దాన్నే; పిల్లలు రాసింది దిద్దేదీ ఆ గోడే. గోడ దిద్దినదానికి మాస్టారు వెంటనే ఊఁ కొడితే పచ్చదీపం వెలుగుతుంది, తటపటాయిస్తే ఎర్రదీపం. రెండోసారి ఎర్రబడిన మాస్టారికి ఇక తరగతి ఇవ్వరు. అప్పలస్వామి మాస్టారికి ఒకసారి ఎర్రదీపం పడనే పడింది. భార్య సుభద్ర పోయి ఏడాదయింది. ఈ తరగతి కూడా పోతే రోజంతా ఆ ఖాళీ ఇంట్లో కూర్చోవాలి.

ఆ రోజు భవాని అనే పిల్ల ఇలా రాసింది: "మా నానమ్మ పోయింది. ఆవిడ పెట్టిన ఆవకాయ ఇంకా అయిపోలేదు."

గోడ రెండో వాక్యం కొట్టేసి, "ఆమె ప్రేమ మా గుండెల్లో శాశ్వతం" అని చూపించింది.

"మాస్టారూ, మా ఇంట్లో ఇలాగ ఎవరూ మాట్లాడరండి. నాదే ఉంచేయనాండీ?"

మాస్టారు ఆ వాక్యాన్ని మళ్ళీ చదివారు. దీపం ఎర్రబడబోయింది.

"గోడ చెప్పిందే రాసెయ్యమ్మా," అన్నారు. పచ్చదీపం వెలిగింది.

భవాని తన వాక్యం చెరిపేస్తూ, "మరి సుభద్రమ్మగారు పెట్టిన ఆవకాయ మీ ఇంట్లో అయిపోయిందాండీ?" అంది.

బడి వదిలాక మాస్టారు ఇంటికెళ్ళి ఆవకాయ జాడీ మూత తీసి చూశారు. అడుగున ఇంకా నాలుగు ముక్కలున్నాయి. మూత పెట్టేసి, ఉత్త పెరుగన్నం తిన్నారు.

తర్వాత ఆ పిల్ల అడిగినా, ఇంకెవరు అడిగినా, కొట్టేసిన ఆ ఆవకాయ వాక్యం ఊసు ఆయన మళ్ళీ ఎత్తలేదు.