గుమ్మం దగ్గర మనిషి

"బయట ప్లగ్గుల్లో ఫోన్ పెడితే లోపల ఉన్నదంతా లాగేస్తారు" అన్నాడు మురళీధర్.

థీమ్ పార్కులో ఐస్‌క్రీమ్ కొట్టు పక్కన ఛార్జింగ్ పెట్టుకునే బల్ల ఉంది. జనం వరస కట్టి మరీ పెట్టుకుంటున్నారు. ఆయన మాత్రం ఫోన్‌ని చొక్కా జేబులో దాచి, జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

రాత్రి ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయాడు. పొద్దున లేచి చూస్తే సగం కూడా లేదు. అప్పటికప్పుడే డేటా ఆపేశాడు. సౌండ్ తీసేశాడు. తెర మీద వెలుతురు కళ్ళు చికిలిస్తే తప్ప కనపడనంత తగ్గించాడు. భోజనాలయ్యాక ఒక్కసారి డేటా వేసి, నాచారంలో తన ఇల్లు ఎలా ఉందో కెమెరాలో చూసుకోవాలి. అందాకా ఫోన్ బతకాలి. కార్లో పెట్టుకునే వైరు ఇంట్లోనే ఉండిపోయింది. భార్య ఉమ ఫోన్ పిల్లల ఫొటోలకి ఎప్పుడో చచ్చింది.

మురళీధర్‌ది ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం. అనుమానం మాత్రం సొంత వ్యాపారం. గుమ్మం పైన ఆ కెమెరా పెట్టించింది కూడా మేడ మీద పెంట్‌హౌస్‌లో అద్దెకున్న తిరుపతి కోసమే. తిరుపతి చర్లపల్లిలో ఫ్యాక్టరీ పనికి వెళ్తాడు. అతని భార్య సంతోషికి నెలలు నిండాయి. ఏడాదిగా వాళ్ళ మీద చిన్న ఫిర్యాదు కూడా లేదు. ఆయన అనుమానమల్లా అదే.

"ఇంటి నుంచి కదలడానికే గంట చేశారు. ఇక్కడికొచ్చి ఫోన్‌కి కాపలా. పిల్లలతో ఒక్క రైడైనా ఎక్కండి" అంది ఉమ.

"తడిస్తే ఫోన్ పోతుంది."

"కార్లో వెనక సీటంతా తడి. నా ప్యాంటు ఇప్పటికీ ఆరలేదు. నేనేమన్నా అన్నానా?" అంది కూతురు స్నిగ్ధ. తమ్ముడు కౌశల్ చెయ్యి పట్టుకుని నీళ్ళ రైడు వైపు పరిగెత్తింది.

భోజనాలయ్యాయి. డేటా వేశాడు. వేసీ వేయగానే తెర వెలిగింది.

'గుమ్మం దగ్గర మనిషి కదలిక.'

మురళీధర్ వీడియో నొక్కాడు. మసక మసగ్గా వాన. తల మీదుగా నల్ల రెయిన్‌కోటు కప్పుకున్న మనిషి, వీపు ఇటు పెట్టి, తాళం పట్టుకుని లాగాడు. ఆగి మళ్ళీ లాగాడు. కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. పక్క సందులోకి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ తాళం మీద పడ్డాడు.

వీడియో ఇంకా కొంచెం ఉంది. ఛార్జింగ్ మాత్రం అడుగంటింది. ఆపేశాడు.

పార్కులో ఎండ చురచురలాడుతోంది. అయితే ఏం? ఉప్పల్లో కుండపోతగా పడుతుంటే నాచారంలో రోడ్డు పొడిగా ఉంటుంది. ఈ ఊళ్ళో వాన అంతే.

"నేను ముందే చెప్పలా? తిరుపతి" అన్నాడు. ఆ మొహంలో భయం కన్నా సంతోషమే ఎక్కువగా ఉంది. "ఆ నల్ల రెయిన్‌కోటు మేడ మీద తీగ మీద రోజూ చూస్తూనే ఉన్నా."

"అలాంటివి ఊరినిండా ఉన్నాయండీ. ఏదీ, నన్ను చూడనివ్వండి."

"ఛార్జింగ్ అయిపోతుంది."

"పాపం, వాళ్ళావిడకి నెలలు నిండాయి."

"అందుకే డబ్బు అవసరం" అని తిరుపతికి ఫోన్ చేశాడు.

"డ్యూటీల ఉన్న సార్. చెప్పున్రి."

"డ్యూటీలో ఉన్నవాడికి నా తలుపు దగ్గరేం పని? రెయిన్‌కోటు వేసుకుని తాళం లాగుతున్నావ్. వీడియో ఉంది నా దగ్గర."

"నేనా సార్? జర ఆ వీడియో పంపున్రి, నేను గూడ సూస్త."

"పంపడానికి ఛార్జింగ్ లేదు. సాయంత్రం మేమొచ్చేసరికి నీ సామాను గేటు బయట ఉండాలి. లేకపోతే పోలీస్ స్టేషన్‌కి పోదాం."

"రెయిన్‌కోటా సార్? ఈడ వాన పొద్దుగాల్నే..."

ఫోన్ చచ్చిపోయింది.

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి ఇంటికి చేరేసరికి పొద్దుగూకింది. గేటు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో మంచం, గ్యాస్ పొయ్యి, రెండు బిందెలు. ముందు సీట్లో సంతోషి నడుం పట్టుకుని కూర్చుంది. ఎవరి వైపూ చూడలేదు.

"ఆ మూట విప్పి చూపించు" అన్నాడు మురళీధర్.

తిరుపతి విప్పాడు. పుట్టబోయే బిడ్డ కోసం ఉతికి మడతపెట్టిన పాత చీర ముక్కలు. ఉమ తల దించుకుంది.

"ఈ స్థితిలో ఎక్కడికి తీసుకెళ్తావ్ తిరుపతీ? ఈ రాత్రికి ఉండండి" అంది.

"బోడుప్పల్ల మా బావ ఉన్నడు మేడం. దొంగ అన్నంక ఈడ బువ్వ తినబుద్ధి గాదు" అని, మేడ గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఆటో కదిలింది. గుంతలో చక్రం పడి సంతోషి మూలిగింది. అది ఉమకి వినిపించింది.

ఇంటి తాళం చెక్కుచెదరలేదు. లోపల ఏదీ పోలేదు. కెమెరా పుణ్యమే అనుకున్నాడు మురళీధర్. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, భార్యాపిల్లల్ని పిలిచి కూర్చోబెట్టాడు. తన అనుమానం ఎప్పుడూ తప్పు కాదని వాళ్ళకి ఒకసారి తెలియాలి. వెలుతురు పూర్తిగా పెంచాడు. సౌండ్ కూడా పెట్టి, మిగిలిన వీడియో నొక్కాడు.

అందులో ఎక్కడో కారు హారన్ మోగింది, రెయిన్‌కోటు మనిషి తాళాన్ని ఇంకోసారి గట్టిగా లాగి, "అబ్బ, వస్తున్నా ఉమా, ఒక్క నిమిషం" అంటూ కెమెరా వైపు తిరిగాడు.