మెట్టు లేని ఇల్లు

"ఈ తలుపు తెరుచుకోదేం?" అన్నాడు సిటీ బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ ఇంగ్లీష్‌లో, పెరటి వైపు గాజు తలుపును రెండు చేతులా లాగుతూ.

"స్క్రూలు బిగించేశాను," అన్నాడు లక్ష్మీపతి. "తెరిస్తే ప్రమాదం కదా! లోపల ఫ్లోర్ ఎత్తు పెరిగింది, బయట నేల కిందే ఉండిపోయింది."

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఆ వీధిలోని పాత ఇళ్లన్నిటికీ ఉన్నట్టే ఈ ఇంట్లోనూ లివింగ్ రూమ్ ఒక మెట్టు పల్లంలో ఉండేది. ఆ మెట్టు దగ్గరే లక్ష్మీపతి భార్య రాగిణి పడింది. తలకు దెబ్బ తగిలింది, కుడి వైపంతా చచ్చుబడింది. చక్రాల కుర్చీ ఎక్కడా అడ్డు తగలకుండా తిరిగేలా ఉంటేనే ఇంటికి పంపుతాం, లేదంటే కేర్ సెంటర్‌కే అన్నారు హాస్పిటల్ వాళ్లు. కేర్ సెంటర్ అన్న మాట వింటేనే లక్ష్మీపతికి గుండె దడ పుట్టేది. అక్కడ ఎవరెవరుంటారో, ఆమెతో ఏం మాట్లాడతారో!

ఇంకేం, తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఒక పనివాణ్ణి పట్టుకున్నాడు. "పర్మిట్లూ గిర్మిట్లూ ఎందుకన్నా, చిటికెలో లేపేస్తా" అన్నాడు వాడు. అన్నట్టే చెక్క ఫ్రేము కట్టి, పైన ప్లైవుడ్ కొట్టి, గదిని మిగతా ఇంటి మట్టానికి తెచ్చేశాడు. మెట్టు కనబడకుండా పోయింది. ఆ రోజు లక్ష్మీపతి కంటినిండా నిద్రపోయాడు.

ఆ నిద్ర ఎన్నాళ్లో నిలవలేదు. పర్మిట్ లేని పని అని సిటీకి తెలిసిపోయింది. రాగిణికి ఇల్లు చూపించడానికి హాస్పిటల్ వాళ్లు తీసుకొస్తామన్న రోజే ఈ ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చిపడ్డాడు.

"కిటికీలు నేలకి దగ్గరైపోయాయి, గట్టి గాజు వేయించాలి. అది తర్వాత," అన్నాడతను. "ముందు ఈ తలుపు సంగతి చెప్పండి. వంటింటి వైపు మంటలొస్తే మీ భార్య ఎటు నుంచి బయటపడుతుంది?"

"నేనుంటాగా!"

"మీరు లేనప్పుడు?"

"నేను లేకుండా ఆవిడ ఎక్కడికీ వెళ్లదు సార్."

"అలా కుదరదు. తలుపు పైకి లేపి పెట్టించండి, బయట ర్యాంప్ కట్టించండి. ఆవిడంతట ఆవిడ బయటికి పోగలగాలి. అంతవరకూ నేను ఓకే చెయ్యను."

లక్ష్మీపతికి ఒళ్లు మండిపోయింది. తన ఇల్లు, తన పెళ్లాం, మధ్యలో వీడి పెత్తనమేమిటి? అయినా పళ్లు బిగబట్టి, "అలాగే సార్, చేయిస్తా. ఆవిడ ముందు మాత్రం ఏమీ అనకండి, బెంగ పెట్టుకుంటుంది," అన్నాడు.

ఇంతలో వ్యాన్ వచ్చి ఆగింది. కేరల్ అనే థెరపిస్ట్ రాగిణి కుర్చీని తోసుకుంటూ వచ్చింది. కుర్చీ చేతి మీద ఒక ఫోన్, అందులోంచి ఏదో పియానో సంగీతం.

"తెలుగు ఇంటర్‌ప్రెటర్ కోసం హోల్డ్‌లో పెట్టారు," అంది కేరల్. "ఎంతకీ దొరకడం లేదు."

"ఇంటర్‌ప్రెటర్ దేనికండీ, దండగ! నేనున్నాగా. కట్ చేసేయండి."

"హాస్పిటల్ రూల్. దాని పాటికి దాన్ని మోగనివ్వండి."

దెబ్బ తగిలాక రాగిణికి ఇంగ్లీష్ పూర్తిగా పోయింది. ఈ మధ్యనే తెలుగు ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుని అంటోంది. ఆమె పెదవి కదిపితే చాలు, డాక్టర్లూ నర్సులూ అందరూ లక్ష్మీపతి మొహంలోకి చూసేవారు. అతను ఏది చెబితే అదే ఆమె మాట.

కుర్చీ కుదుపు లేకుండా గదిలోకి వచ్చింది. ఒకప్పుడు మెట్టు ఉన్న చోటికి రాగానే రాగిణి ఎడమ చేత్తో చక్రాన్ని గట్టిగా పట్టేసుకుంది.

"చూశావా రాగీ? అంతా నీ కోసమే! ఎంత నున్నగా ఉందో చూడు!"

రాగిణి అతని వైపు చూడలేదు. స్క్రూలు బిగించిన తలుపు వైపు చూసింది. తర్వాత కేరల్ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా... నేను జారలేదు. ఈయనే... తోశారు. నన్ను... ఇక్కడ వదలకండి."

కేరల్, ఇన్‌స్పెక్టర్ ఇద్దరూ అలవాటు ప్రకారం లక్ష్మీపతి వైపు తిరిగారు.

"ఏమంటోంది?"

లక్ష్మీపతి కళ్లు ఒత్తుకున్నాడు. "ఇల్లు చాలా బాగుందట," అన్నాడు ఇంగ్లీష్‌లో, గొంతు ఏమాత్రం తడబడకుండా. "త్వరగా తీసుకొచ్చేయమంటోంది."

"అయ్యో, నా తల్లీ!" అంటూ కేరల్ ఆమె భుజం నిమిరింది. రాగిణి తల అటూ ఇటూ ఊపింది, కళ్లలోంచి నీళ్లు కారిపోతుండగా మళ్లీ మళ్లీ ఊపింది.

"మరి వద్దంటున్నట్టుందే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లేదు లేదు," నవ్వాడు లక్ష్మీపతి. "మా ఇండియన్స్ అవునన్నా తల అలాగే ఊపుతారు."

ఇద్దరూ నవ్వారు. పియానో ఎప్పుడో ఆగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

"రాగిణిగారూ, నేను ఇంటర్‌ప్రెటర్‌ని," అంది కుర్చీ చేతి మీది ఫోన్లోంచి ఒక ఆడగొంతు, తెలుగులో. "మీరన్నది మొత్తం విన్నానమ్మా, ఇప్పుడు వాళ్లకి ఉన్నదున్నట్టు చెబుతున్నాను."