రిలీజు కాని ఆర్డరు

“పంపు విప్పడానికి ఆర్డరు ఇంకా రిలీజు చెయ్యలేదేంటమ్మా? అవతల ఫిట్టర్లు స్పానర్లు పట్టుకుని కూర్చున్నారు!” ఫోర్‌మన్ బుల్లబ్బాయి అరుచుకుంటూ నూనె ఫ్యాక్టరీ ఆఫీసులోకి వచ్చాడు.

గుమస్తా రూబీకి ఒళ్లు మండింది. పొద్దున్నుంచి ఇది మూడోసారి.

“కంప్యూటర్లో మీ దగ్గరే ఆగిందండి. మీరు ఒప్పుకుంటేనే రిలీజవుతుంది. నాలుగు రోజుల నుంచి చెబుతూనే ఉన్నాను కదండీ!”

“ఆ గోలంతా నాకెందుకు? నువ్వే నొక్కెయ్!”

“నేను నొక్కకూడదండి. ఇదిగో, చదివి మీరే నొక్కండి.” ఆమె విసురుగా మానిటర్ ఆయన వైపు తిప్పింది.

ఆయన తెర వంక చూశాడు. కళ్లజోడు కోసం జేబు తడుముకున్నాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

రూబీ కోపం చప్పున చల్లారింది. తన కుర్చీ ఆయన దగ్గరికి జరిపింది.

“ఈ ఇంగ్లీషు నాకూ తికమకగానే ఉంటుందండి. ‘వేడి నూనె లైను మూసి ఉందా? మీరు స్వయంగా చూశారా?’ అని అడుగుతోంది.”

బుల్లబ్బాయి తెర మీంచి చూపు తిప్పుకున్నాడు.

“చూళ్లేదమ్మా. మూసే ఉంటారులే అనుకున్నాను. ఉండు, చూసొస్తాను.”

గబగబా గుమ్మందాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“వచ్చాక, మిగతా ప్రశ్నలు కూడా చదివి పెడతావా?”