నురుగు పాలు

“ఇక దీనికి నా పాలు ఇవ్వను. డబ్బా పాలు కలుపు,” అంటూ ఫోన్ పక్కన పడేసి, ఏడుస్తున్న పాపని తీసుకొచ్చి భర్త చేతుల్లో పెట్టేసిందామె.

అతను బిత్తరపోయాడు. “ఏమైంది? ఫోన్‌లో ఎవరు?”

“పరిశోధన డాక్టరమ్మ.”

ఆమె ఫైర్ స్టేషన్లో పనిచేస్తుంది. మంటల మీదికి గొట్టం పట్టుకుని నీళ్ళూ, నురుగూ కొట్టడం ఆమె పని. ఆ పొగలోని మసి, ఆ నురుగులోని రసాయనాలు తల్లిపాలలోకి ఎంత చేరుతున్నాయో, వాటివల్ల పసిపిల్లల పేగుల్లోని సూక్ష్మజీవులు ఏమవుతున్నాయో తెలుసుకోవాలని ఒక ప్రయోగశాలవాళ్ళు ఆమె పాలూ, పాప మలమూ చిన్న చిన్న డబ్బాల్లో పట్టుకెళ్ళారు.

“పాప పొట్ట పాడైపోయిందట,” అంది ఆమె.

“అలా అందా?”

“అలాగే అంటారా? మెత్తగా చెప్పింది. పాలు తాగే పిల్లల్లో ఉండాల్సిన మంచి క్రిములు దీంట్లో కనపడలేదట. ఈ వయసులో ఉండకూడనివన్నీ తిష్ట వేశాయట. ఆ నురుగే నా పాలల్లోకి దిగింది. చేజేతులా నేనే పోశాను దీని నోట్లో.”

వంటింట్లో పాలసీసాలు మరగబెడుతున్న మావగారు ఆ మాట విని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కోడలు డ్యూటీకి వెళ్ళినప్పుడు, పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు మనవరాలికి పట్టేది ఆయనే. జోకొట్టేదీ, గుడ్డలు మార్చేదీ ఆయనే.

“అమ్మాయ్, నీ పాలకేం కాలేదు. ముందు పిల్లని తీసుకో.”

“మీకెలా తెలుసు మావయ్యా?”

ఆయన నీళ్ళు నమిలాడు. “తెలుసు... అంతే. డ్యూటీ నుంచి వచ్చి తలంటుకుని, బట్టలన్నీ మార్చుకుంటే గానీ దాన్ని ముట్టుకోవు నువ్వు. నీ పాలెందుకు పాడవుతాయి?”

“పొగ ఒంటి మీదే ఆగుతుందా?”

భర్త డబ్బా పాలు కలిపి తెచ్చాడు. పాప ఒక్క గుక్క చప్పరించి, ఎవరో మోసం చేసినట్టు మొహం పెట్టి, మొత్తం అతని చొక్కా మీద కక్కేసింది. ఆపైన ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకి ఆమె జాకెట్టు తడిసిపోయింది. రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

“రేపే వెళ్ళి రాజీనామా ఇచ్చేస్తాను,” అంది.

మావగారి మొహం పాలిపోయింది. కోడలు ఫైరింజన్ మీద వెళ్తుంటే వీధి చివరిదాకా వచ్చి చెయ్యూపే మనిషాయన.

“రాజీనామా ఏంటి తల్లీ! ఆ డాక్టరమ్మకి ఫోన్ కలపరా, నేను మాట్లాడతా.”

కొడుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. విషయం వినగానే డాక్టరమ్మ కంగారు పడింది.

“అయ్యో, పాలు ఆపమని నేననలేదే! మీ పాలల్లో రసాయనాలు కాస్త ఉన్న మాట నిజమే. ఈ రోజుల్లో ఎవరి పాలల్లో లేవు చెప్పండి? ఆపేయాల్సినంత లేవు. ఇప్పటికీ పాపకి మీ పాలే మేలు. మాకు అంతుపట్టనిది పాప శాంపిలే. జ్వరం గానీ, విరేచనాలు గానీ ఉన్నాయా?”

“లేవండీ. బంతిలా ఉంది,” అన్నాడు భర్త.

“మరి అన్నం, కూరలు ఏమైనా పెడుతున్నారా?”

“ఇంకా మెడే నిలబెట్టని పిల్లకి కూరలేంటండీ!”

అన్నాడే గానీ, అనుమానంగా తండ్రివైపు తిరిగాడు. “నాన్నా, ముద్దొచ్చింది కదా అని చాటుగా ఏమైనా నాకించావా?”

“నీ మీద ఒట్టు! పాలు తప్ప దాని పెదవికి ఏదీ తగల్లేదు,” అన్నాడు మావగారు. డాక్టరమ్మకి మళ్ళీ చేస్తామని చెప్పి ఫోన్ కట్టేశాడు.

“చూశారా? ఏమీ పెట్టలేదంటే ఇక నా పాలే కారణం,” అంటూ కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగాడు. కొడుకుని చూసి, “నువ్వు కాస్త బయటికెళ్ళరా,” అన్నాడు.

“నేనెందుకు?”

“నవ్వుతావు కాబట్టి.”

కొడుకు కదల్లేదు. మావగారు కిటికీ చువ్వలు పట్టుకుని వీధిలోకి చూస్తూ మొదలుపెట్టాడు.

“శాంపిల్ కోసం ఆ ప్రయోగశాల మనిషి వచ్చిన రోజు, నువ్వు డ్యూటీ దిగి అప్పుడే కన్ను మూశావమ్మా. బూట్లు కూడా విప్పుకోలేదు. ఇదేమో పొద్దుట్నించీ దొడ్డికే పోలేదు. ఎంత పొట్ట నిమిరినా లాభం లేకపోయింది. ఇవాళ ఇవ్వకపోతే తల్లే పిల్లనెత్తుకుని అంత దూరం రావాలని గుమ్మంలో నిలబడి తొందర పెట్టాడతను. నిన్ను లేపడానికి నాకు మనసొప్పలేదు...”

“అయితే?” అంది కోడలు, ఏడుపు ఆపి.

“అందుకని అతనిచ్చిన డబ్బా పట్టుకుని నేనే బాత్రూంలోకి వెళ్ళొచ్చానమ్మా!”